రెక్క మీద వెండి రంగు టేపు, అడుగున ఊడిన ముక్క: ఆ విమానం ఎక్కవచ్చా?

బొబ్బిలి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. అమ్మగారిని మొదటిసారి విమానం ఎక్కించి విశాఖపట్నం నుంచి హైదరాబాద్ తీసుకెళ్లారు. కిటికీలోంచి చూస్తే రెక్క మీద రెండు చోట్ల వెండి రంగు టేపు అంటించి ఉంది. రెక్క వెనుక అంచు కింద పడవల్లా వేలాడే పొడవాటి డొప్పల్లో ఒకదానికి తోక లేదు. ఎక్కేటప్పుడు తలుపు పక్కన అరచేయంత సొట్ట కనిపించింది, దాని దగ్గర చిన్న స్టిక్కరు అంటించి ఉంది. సిబ్బందిని అడిగితే "ఫర్వాలేదండీ, మామూలే" అన్నారు. విరిగిన విమానంలో మమ్మల్ని తీసుకెళ్లారా, ఈసారి ఇలా కనిపిస్తే దిగిపోవాలా అన్నది వారి సందేహం. అమ్మగారు మాత్రం ఇక జన్మలో విమానం వద్దు, రైలే నయం అంటున్నారట.

సూటిగా చెబుతాను. మీరు చూసిన మూడూ అనుమతితో ఎగరగలిగినవే. దిగిపోనక్కర్లేదు. కానీ కంటికి కనిపించినది సిబ్బందికి చెప్పి తీరాలి. మీరు చెప్పారు, మంచి పని చేశారు.

నేను విమానాల నిర్వహణ ఇంజనీరుగా 31 ఏళ్లు పనిచేసి ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. అందులో ఎక్కువ భాగం లైన్ పనే. అంటే విమానం ఒక ఊళ్లో దిగి మళ్లీ ఎగిరేలోపు దొరికే అరగంట, ముప్పావు గంటలో దాని చుట్టూ తిరిగి, చూసి, సరిచేసి, ఎగరవచ్చని సంతకం పెట్టే పని. లోపం ఉన్న విమానంలో నా పిల్లలను ఎక్కించాను. పుస్తకంలో రాయని లోపం ఉన్న విమానాన్ని మాత్రం కదలనివ్వలేదు. ఈ రెండింటికీ ఉన్న తేడా అర్థమైతే అమ్మగారి భయం సగం తీరుతుంది.

సాలూరు ఘాట్ ఎక్కే లారీకి ఒక బోల్టు తక్కువైతే వెళ్లవచ్చా లేదా అన్నది డ్రైవరు తన అనుభవంతో తేల్చుకుంటాడు. విమానం దగ్గర నా అనుభవంతో తేల్చుకునే హక్కు నాకు లేదు. ఏది పనిచేయకపోయినా ఎగరవచ్చు, ఏది ఊడినా ఎగరవచ్చు, ఎంత సొట్ట పడినా ఎగరవచ్చు అన్నది నాకంటే ముందే, తీరిగ్గా, లెక్కలు వేసి, పరీక్షించి రాసి పెట్టారు. అలాంటి పుస్తకాలు మూడు ఉంటాయి.

మొదటిది ఎంఈఎల్. పనిచేయాల్సిన కనీస పరికరాల జాబితా. విమానం తయారుచేసిన దేశపు నియంత్రణ సంస్థ ఒక మూల జాబితాను ఆమోదిస్తుంది. దాని ఆధారంగా ప్రతి విమానయాన సంస్థ తన జాబితా తయారుచేసుకుని మన దేశంలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం తీసుకుంటుంది. మూల జాబితా కంటే కఠినంగా ఉండవచ్చు, సడలింపు మాత్రం కుదరదు. రెండోది సీడీఎల్. విమానం ఒంటి మీద నుంచి ఏ చిన్న మూత, ఏ డొప్ప, ఏ రబ్బరు పట్టీ లేకపోయినా ఎగరవచ్చో చెప్పేది. మూడోది ఎస్‌ఆర్‌ఎం. సొట్టలు, గీతలు, తుప్పు ఎంతవరకు ఉండవచ్చో, అంతకు మించితే ఎలా బాగుచేయాలో చెప్పే లావుపాటి పుస్తకం.

ఈ మూడింటికీ ప్రాణం ఒకే సూత్రం. విమానం భద్రతకు సంబంధించిన వస్తువు పుస్తకంలో లేకపోతే దానికి సడలింపు లేనట్టే. రెక్క గురించి, చుక్కాని గురించి ఆ జాబితాలో మాటే ఉండదు. అంటే అవి పూర్తిగా ఉండాల్సిందే. ఎయిర్‌బస్ ఏ320లో మూడు హైడ్రాలిక్ వ్యవస్థలు ఉంటాయి. గాల్లో ఒకటి పోయినా విమానం దిగగలదు. అలాగని రెండింటితో బయలుదేరనివ్వరు. నేల మీద మూడూ ఉండాలి. గాల్లో ఆదుకునే మిగులును నేల మీదే ఖర్చు పెట్టేయకూడదు కదా.

మరి దేనికి సడలింపు? ఉదాహరణకు రెండు ఇంజన్ల విమానంలో ఒక్కో ఇంజన్‌కు ఒక్కో జనరేటర్, తోక భాగంలో ఉండే చిన్న సహాయక ఇంజన్‌కు మరొకటి. బోయింగ్ 737లో ఇంజన్ జనరేటర్ ఒకటి చెడితే సహాయక ఇంజన్‌ను ప్రయాణం పొడవునా నడుపుతూ వెళ్లవచ్చు. చెడినదాని స్థానంలో మరొకటి నిలబడింది. అదే 737లో గాలిని చల్లబరిచి ఒత్తిడి నింపే రెండు ప్యాక్‌లలో ఒకటి పోతే 25 వేల అడుగుల ఎత్తు దాటకుండా ఎగరాలి. రెండోది కూడా పోతే అక్కడి నుంచి త్వరగా కిందికి దిగవచ్చు. ప్రతి సడలింపుకూ ఇలా ఏదో ఒక వెల ఉంటుంది. ఎత్తు తగ్గించుకో, బరువు తగ్గించుకో, పొడవైన రన్‌వే చూసుకో, వానలో వెళ్లకు, రాత్రి వెళ్లకు. వెల చెల్లించకుండా సడలింపు వాడుకుంటే అది నేరం.

గడువు కూడా ఉంటుంది. చాలా లోపాలకు మూడు రోజులు లేదా పది రోజులు. భద్రతతో పెద్దగా సంబంధం లేనివాటికి 120 రోజులు. కొన్నింటికి పుస్తకమే ప్రత్యేకంగా ఇన్ని రోజులు, ఇన్ని ప్రయాణాలు అని చెబుతుంది. లోపం రాసిన రోజును లెక్కలో వేయరు. గడువు రాత్రి 12 గంటలకు తీరితే ఆ తర్వాత విమానం కదలదు. చివరి మాట మాత్రం కెప్టెన్‌ది. నేను పుస్తకం చూపించి, సంతకం పెట్టి ఇచ్చినా, "ఈ వాతావరణంలో ఇది లేకుండా నేను వెళ్లను" అనే అధికారం ఆయనకు ఉంది. అలా రెండు మూడు సార్లు నాతో అన్నారు. ఒక్కసారి కూడా ఆయనతో వాదించలేదు.

ఇక మీరు చూసినవి ఒక్కొక్కటి.

టేపు. అది ఇళ్లలో పైపులకు చుట్టే టేపు కాదు. అల్యూమినియం రేకు, దాని వెనుక బలమైన జిగురు. మేము స్పీడ్ టేప్ అంటాం. నేల మీద మే నెల ఎండకు, పైన గడ్డకట్టే చలికి, గంటకు 800 కిలోమీటర్ల గాలికి ఊడకుండా ఉండేలా చేసినది. దానితో రెక్కను అతికిస్తారని చాలామంది అనుకుంటారు. అది బరువు మోయదు, మోయించకూడదు. రంగు ఊడిన చోట ఎండ, వాన తగలకుండా కప్పడానికి, రెండు రేకుల సందులో నింపిన సీలెంట్ ఊడిపోతే మళ్లీ నింపే వరకు నీరు పోకుండా ఆపడానికి వాడతారు. బోయింగ్ 787 రెక్కల మీద ఇలాంటి ముక్కలు పదుల సంఖ్యలో కనిపించి ప్రపంచమంతా ప్రయాణికులు భయపడ్డారు. ఆ రెక్క లోహం కాదు, కార్బన్ పీచుతో చేసిన మిశ్రమ పదార్థం. ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల దాని మీద రంగు పట్టు వదిలి పొరలుగా లేచిపోయేది. రంగు మళ్లీ వేసే వరకు టేపు కప్పారు, అంతే.

టేపు అంటించడానికీ నాకు అనుమతి కావాలి. ఎక్కడ అంటించాను, ఎంత పొడవు, ఎందుకు, ఎప్పుడు మళ్లీ చూడాలి అన్నది రాయాలి. ఇంత పట్టుదల ఎందుకంటే ఒక ఘటన చెబుతాను. 1996 అక్టోబర్ 2 రాత్రి పెరూ రాజధాని లిమా నుంచి ఏరోపెరూ వారి బోయింగ్ 757 లేచింది. విమానాన్ని కడిగి మెరుగు పెట్టేటప్పుడు, బయటి గాలి ఒత్తిడిని కొలిచే చిన్న రంధ్రాలలోకి నీరు పోకుండా టేపు అంటించారు. పని అయ్యాక తీయడం మరచిపోయారు. గాల్లోకి లేచాక ఎత్తు, వేగం చూపించే పరికరాలన్నీ తప్పుడు అంకెలు చూపాయి. కింద చీకటి సముద్రం. పైలట్లకు తాము ఎంత ఎత్తులో ఉన్నారో తెలియలేదు. 70 మంది చనిపోయారు. మా వృత్తిలో కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడికీ నేను మొదట చెప్పిన కథ ఇదే. మీరు చూసిన టేపు లెక్కలో ఉన్న టేపు. ఆ రాత్రి విమానానికి ఉన్నది లెక్కలో లేని టేపు.

తోక లేని డొప్ప. రెక్క వెనుక అంచున ఫ్లాప్‌లు ఉంటాయి. లేచేటప్పుడు, దిగేటప్పుడు అవి వెనక్కి, కిందికి జరుగుతాయి. వాటిని జరిపే పట్టాలు, కీళ్లు బయటికి పొడుచుకు వస్తాయి కనుక గాలి సాఫీగా జారిపోవడానికి వాటి మీద డొప్పలు బిగిస్తారు. డొప్ప గాలికి దారి చేయడానికే. ఫ్లాప్‌ను పట్టి ఉంచేది లోపలి పట్టా. అందుకే డొప్పలో ఒక ముక్క లేకపోతే ఎగరవచ్చని సీడీఎల్ చెప్పగలదు. లేకపోతే గాలి కొంచెం ఎక్కువ అడ్డుతుంది, ఇంధనం కొంచెం ఎక్కువ కాలుతుంది, పైకి ఎక్కే శక్తి కొంచెం తగ్గుతుంది. ఆ "కొంచెం" ఎన్ని కిలోలో పుస్తకం చెబుతుంది. బయలుదేరే బరువులోంచి అన్ని కిలోలు తీసేయాలి.

కోస్తాలో ఒక ఊళ్లో మే నెల మధ్యాహ్నం నాకు సరిగ్గా ఇదే ఎదురైంది. వేడికి గాలి పలచబడి అప్పటికే విమానం మోయగల బరువు తగ్గి ఉంది. దానికి తోడు డొప్ప ముక్క ఊడి వచ్చింది. పుస్తకం ప్రకారం తగ్గించాల్సిన బరువు లెక్క వేస్తే సరకులో కొన్ని పెట్టెలు దించాల్సి వచ్చింది. అవి ఐసులో పెట్టిన రొయ్యలు. సరకు చూసే అబ్బాయి బతిమిలాడాడు, ఎండలో పాడైపోతాయని. అతని బాధ నాకు అర్థమైంది. మా ఊరు టెక్కలి దగ్గర, చేపల బేరం ఎంత నిలకడలేనిదో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. అయినా పెట్టెలు దిగాయి. సరకు ఉంచి డొప్ప సంగతి రాయకుండా పంపి ఉంటే విమానం బహుశా క్షేమంగానే వెళ్లేది. కానీ సరిగ్గా లేచే క్షణంలో ఒక ఇంజన్ ఆగిపోతే మిగిలిన ఒక్కదానితో చివరనున్న కొండను దాటడానికి వేసిన లెక్క ఆ రోజు తప్పయ్యేది. మేము లెక్కలు వేసేది ఆ ఒక్క రోజు కోసం.

ఇంకో మాట. ఒక ముక్క లేకపోవడానికి అనుమతి ఉందంటే, పక్కది కూడా లేకపోయినా ఫర్వాలేదని కాదు. ఏవి ఏవి కలిసి ఊడకూడదో కూడా రాసి ఉంటుంది. రెక్కల చివర, తోక చివర సన్నటి పుల్లల్లాంటివి గమనించారా? విమానం మేఘాల్లో దూసుకుపోతుంటే ఒంటికి పట్టే స్థిర విద్యుత్తును గాల్లోకి వదిలేసేవి అవి. వాటిలో ఒకటి రెండు విరిగినా వెళ్లవచ్చు. ఏ వైపు, ఎక్కడ, ఎన్ని అన్నదానికి లెక్క ఉంది.

సొట్ట. తలుపుల చుట్టూ సొట్టలు ఎక్కువగా ఉండటానికి కారణం ఆకాశం కాదు, నేల. నిచ్చెన బండి, భోజనాల లారీ, సామాను ఎక్కించే బెల్టు బండి, ఇవన్నీ తలుపుల దగ్గరికే వస్తాయి. ప్రతి విమానానికీ సొట్టల పటం ఒకటి ఉంటుంది. ఎక్కడ, ఎంత లోతు, ఎంత వెడల్పు, ఎప్పుడు కనిపించింది, ఎవరు కొలిచారు. మీరు చూసిన స్టిక్కరు సాధారణంగా దానికి గుర్తు, ఇది పాతదే, కొలిచి రాశాం అని తర్వాతి ఊరి ఇంజనీరుకు చెప్పడానికి. లేకపోతే ప్రతి ఊళ్లోనూ అదే సొట్టను మళ్లీ కొలుస్తూ కూర్చోవాలి.

కొలవడం అంటే కొలత టేపు పెట్టి చూడటం కాదు. లోతు ఎంత, వెడల్పుకు లోతు నిష్పత్తి ఎంత, లోపలున్న అడ్డ కమ్మీలకు, రివెట్ల వరుసకు ఎంత దూరం, అంచులు మృదువుగా ఉన్నాయా, మడత పడ్డాయా. గుండ్రంగా, లోతు తక్కువగా ఉన్న సొట్టను రేకు భరిస్తుంది. చూడటానికి చిన్నదే అయినా మడత పడినదాన్ని భరించదు. అక్కడ పగులు పుడుతుంది. సొట్టలో పగులు కనిపించిందంటే అది ఇక సొట్ట లెక్కలోది కాదు, మరమ్మతు చేయాల్సిందే.

మా చిన్నతనంలో తేలినీలాపురం చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు వాలితే ఊరంతా పండగలా ఉండేది. గూడబాతు నాలుగైదు కిలోలు ఉంటుంది. ఆ పక్షులంటే నాకు ఇప్పటికీ ప్రాణం. వృత్తిలోకి వచ్చాక వాటిని చూస్తే ఇంకో లెక్క కూడా గుర్తుకొచ్చేది. పెద్ద ప్రయాణికుల విమానం ఒళ్లు సుమారు 1.8 కిలోల పక్షి వేగంగా వచ్చి తగిలినా క్షేమంగా దిగేలా, తోక భాగం అయితే 3.6 కిలోల పక్షిని తట్టుకునేలా ఉండాలన్నది అమెరికా ప్రమాణం. తట్టుకోవడం అంటే దెబ్బ తగలకపోవడం కాదు, దెబ్బతో దిగగలగడం.

ఒకసారి రెక్క ముందు అంచుకు పక్షి తగిలి విమానం దిగింది. రక్తం కడిగి చూస్తే సొట్ట. కొలిచాను. అనుమతించిన లోతు కంటే ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కువ. మళ్లీ కొలిచాను, అంతే. లోపల 160 మంది కూర్చుని ఉన్నారు. ఒక పెద్దాయన మెట్ల దగ్గరికి వచ్చి చాలా కోపంగా, "బియ్యపు గింజంత లోతు కోసం ఇంతమందిని ఆపుతారా? మా ఇంట్లో పెళ్లి ఉంది" అన్నారు. ఆయన ముహూర్తం తప్పింది. ఆ బాధ నా మనసులో ఇప్పటికీ ఉంది. కానీ ఆ గింజంతను నేను వదిలేస్తే, ఇంకొకరు రెండు గింజలు వదిలేస్తారు. తయారుచేసిన కంపెనీకి ఫొటోలు, కొలతలు పంపి సలహా తెప్పించుకునే వరకు విమానం అక్కడే ఉంది. అలాంటి విమానాన్ని ప్రయాణికులు లేకుండా, ప్రత్యేక అనుమతితో మరమ్మతు జరిగే ఊరికి ఖాళీగా తీసుకెళ్లే పద్ధతి కూడా ఉంది. జనాన్ని ఎక్కించి మాత్రం వెళ్లకూడదు.

ఇంతవరకు చెప్పింది వ్యవస్థ సరిగ్గా నడిచినప్పటి మాట. ఎప్పుడూ సరిగ్గానే నడుస్తుందని మీకు చెబితే నేను నిజాయతీ తప్పినవాణ్ణి అవుతాను. మూడు రకాలుగా ఇది బెడిసికొట్టింది.

ఒకటి, పుస్తకంలో అనుమతి వెతకడమే తప్ప లోపం ఎందుకు వచ్చిందని అడగకపోవడం. 2008 ఆగస్టు 20న మాడ్రిడ్‌లో స్పానేర్ విమానం లేవబోతూ వెనక్కి వచ్చింది. బయటి ఉష్ణోగ్రత కొలిచే పరికరంలోని హీటర్ నేల మీదే వేడెక్కుతోంది. అది గాల్లో మాత్రమే వేడెక్కాలి. ఆ హీటర్ లేకుండా ఎగరడానికి ఎంఈఎల్‌లో అనుమతి ఉంది, మంచు పడే వాతావరణం కాదు కనుక. దాని కరెంటు తీసేసి పంపారు. ఆ హడావిడిలో పైలట్లు ఫ్లాప్‌లు దించడం మరచిపోయారు. మరచిపోతే మోగాల్సిన హెచ్చరిక మోగలేదు. 154 మంది పోయారు. ఆ హీటరుకూ, ఆ హెచ్చరికకూ విమానం నేల మీద ఉందా గాల్లో ఉందా అని చెప్పే రిలే, అంటే విద్యుత్ స్విచ్చు, ఒకటే. లోపం ఆ రిలేలోనే ఉందా అన్నది దర్యాప్తు గట్టిగా తేల్చలేకపోయింది. నాకు మాత్రం అది జీవితాంతం పాఠం. జ్వరం తగ్గించే మాత్ర వేసి పంపేముందు జ్వరం ఎందుకు వచ్చిందో అడగాలి.

రెండు, మళ్లీ మళ్లీ వచ్చే లోపాన్ని ప్రతిసారీ కొత్తదిగా చూడటం. 2014 డిసెంబర్ 28న జావా సముద్రంలో పడిన ఎయిర్ఏషియా విమానంలో, చుక్కాని కదలికను పరిమితం చేసే పరికరం గురించిన లోపం అంతకుముందు 12 నెలల్లో 23 సార్లు నమోదైంది. అందులోని సర్క్యూట్ బోర్డు మీద ఒక అతుకు పగిలి ఉంది. ప్రతిసారీ పరీక్షిస్తే బాగానే ఉన్నట్టు కనిపించేది. ఆ లోపం ఒక్కటే విమానాన్ని కూల్చేది కాదు. ఆ రోజు గాల్లో అది పదేపదే వస్తుంటే పైలట్లు దాన్ని తీర్చబోయిన తీరు, ఆ తర్వాత విమానం అదుపు తప్పిన తీరు కలిసి 162 మంది ప్రాణాలు తీశాయి. రాసి ఉంది, 23 సార్లు రాసి ఉంది. రాసినదాన్ని వరుసగా చదివినవారు లేరు. విమానం లోపాలు, మరమ్మతులు రాసే లాగ్ పుస్తకంలో ఈరోజు పేజీ మాత్రమే చూసి సంతకం పెట్టే ఇంజనీరు మీద నాకు నమ్మకం ఉండదు. వెనక్కి పది పేజీలు తిప్పాలి.

మూడు, బాగుచేశామని రాసి, సరిగ్గా బాగుచేయకపోవడం. 1978లో జపాన్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 747 ఒసాకాలో దిగుతూ తోకను నేలకు కొట్టుకుంది. లోపలి గాలి ఒత్తిడిని ఆపే వెనుక గోడకు మరమ్మతు చేసినప్పుడు ఒకే పలక వేయాల్సిన చోట రెండు ముక్కలు వేశారు. దానితో రెండు వరుసల రివెట్లు మోయాల్సిన బరువు ఒక్క వరుస మీద పడింది. పైకి ఏమీ కనిపించదు. ఏడేళ్లు ఎగిరింది. 1985 ఆగస్టు 12న ఆ గోడ చిరిగిపోయింది, 520 మంది పోయారు. నలుగురే మిగిలారు. కంటికి కనిపించే సొట్టలకంటే, నున్నగా కనిపించే పాత మరమ్మతులంటేనే మా వాళ్లకు ఎక్కువ భయం.

ఇక ప్రయాణికులు ఏం చూడాలి, ఏం చెప్పాలి అన్నది.

రెక్క చివరలు పైకీ కిందికీ ఊగుతాయి, ఊగాలి. ఫ్లాప్‌లు దించినప్పుడు రెక్కలో పెద్ద సందులు తెరుచుకుంటాయి, లోపలి పట్టాలు, గొట్టాలు కనిపిస్తాయి, అది వాటి తీరే. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కనుక ఏసీ రంధ్రాల్లోంచి పొగలాంటిది వస్తుంది. అది ఆవిరి, కాలిన వాసన లేకపోతే పట్టించుకోనక్కర్లేదు. రేకు మీద నల్లటి చారలు గ్రీజు, మసి. ఇవి చూసి అమ్మగారిని కంగారు పడవద్దనండి.

కదులుతున్న మూత, గాలికి రెపరెపలాడుతున్న రేకు లేదా టేపు చివర, ఇంజన్ మీద పూర్తిగా పడని తలుపు, రెక్క మీంచి ధారగా కారుతున్న ద్రవం, రివెట్ల వరుస వెంట సాగిన పగులు, వీటిలో ఏది కనిపించినా చెప్పండి. తలుపులు మూయకముందే చెబితే మరీ మంచిది. వరుస సంఖ్య, కుడి వైపా ఎడమ వైపా, రెక్క ముందు అంచా వెనుక అంచా అన్నది చెప్పి, "కెప్టెన్‌గారికి చెప్పండి" అని స్పష్టంగా అడగండి. మీకు "మామూలే" అని జవాబిచ్చిన సిబ్బంది బహుశా ఇంతకుముందు చూసి ఉండటం వల్ల అన్నారేమో. అయినా ఆ జవాబు నాకు నచ్చలేదు. అది మామూలో కాదో తేల్చాల్సింది లాగ్ పుస్తకం చూసేవారు. దిగిపోతానంటే ఎవరూ కట్టేసి ఉంచరు, కానీ మీ పెట్టె కూడా కిందికి దించాలి, అందరికీ ఆలస్యం. అంతకంటే కెప్టెన్ ఒక నిమిషం వచ్చి చూస్తే పని తీరుతుంది.

చెప్పకపోతే ఏమవుతుందో 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో తెలిసింది. అలోహా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737, 19 ఏళ్లది, దీవికీ దీవికీ మధ్య చిన్న చిన్న ప్రయాణాలు చేస్తూ 89,680 సార్లు ఎగిరి దిగింది. ప్రతిసారీ ఒత్తిడికి ఒళ్లు ఉబ్బి తగ్గుతుంది. పైగా సముద్రపు ఉప్పు గాలి. రేకుల అతుకుల్లోకి తుప్పు చేరి, రివెట్ల దగ్గర పగుళ్లు పుట్టి, 24 వేల అడుగుల ఎత్తులో ముందు భాగపు పైకప్పు ఎగిరిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ గాల్లోకి కొట్టుకుపోయారు. పైలట్లు ఎలాగో దింపారు. ఆ విమానం ఎక్కేటప్పుడు ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర పగులు చూశారు. ఎవరికీ చెప్పలేదు. నౌపడ ఉప్పు మళ్ల పక్కన పెరిగిన నాకు, ఉప్పు గాలి ఇనుప కిటికీని ఎన్నేళ్లలో తినేస్తుందో తెలుసు. ఇప్పుడు భోగాపురంలో సముద్రానికి అంత దగ్గరగా విమానాశ్రయం కట్టారు. మన జిల్లాల వాళ్లు ఇకపై ఇంటి దగ్గరి నుంచే ఎగురుతారు. అందుకే ఈ సంగతి మరీ చెబుతున్నాను.

నా సొంత అనుభవం ఒకటి చెప్పి ఆపుతాను. వానాకాలం, తెల్లవారుజామున మొదటి సర్వీసు. ఇంజన్ ఆయిల్ చూసి, పోసి, ఇంజన్ పక్కనుండే చిన్న మూత వేశాను. దానికి రెండు గొళ్లేలు. ఒకటి పడిన చప్పుడు విన్నాను, రెండోదీ పడిందనుకున్నాను. చీకటి, వాన. టార్చి వేసి మళ్లీ చూడాల్సింది, చూడలేదు. సంతకం పెట్టాను. తలుపులు మూశారు. అంతలో కెప్టెన్ పిలుపు. ముందు వైపు కిటికీ దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ, "ఇంజను మీద మూత లేచి ఉంది" అంటున్నారట. సిబ్బందికి తెలుగు రాదు. ఆవిడకు తెలుగు తప్ప మరొకటి రాదు. వెనుక సీటులో ఉన్న ఒక విద్యార్థిని హిందీలో చెబితే వాళ్లకు అర్థమైంది. వెళ్లి చూస్తే మూత ఒక అంచు వేలెడంత లేచి ఉంది. ఎగిరాక గాలి దాన్ని చీల్చి తీసుకుపోయేది. అది వెనక్కి ఎక్కడ తగిలేదో నేను ఇప్పటికీ ఊహించలేను.

మూత బిగించి, రెండో ఇంజన్ కూడా చూసి, లైసెన్సు ఉన్న మరో ఇంజనీరుతో కూడా చూపించి, తప్పు నాదేనని పైవారికి రాతపూర్వకంగా ఇచ్చాను. లాగ్ పుస్తకంలో లోపం ఎవరు కనిపెట్టారో రాసే గడి లేదు. నేను లోపం వివరాల గడిలోనే రాశాను: "ఆయిల్ మూత ఒక గొళ్లెం పడలేదు. ప్రయాణికురాలు గమనించి చెప్పారు."